పద్యం నడక – ఒక్క మాత్ర విలువ



మన అన్నదానశాల ముఖద్వారానికి కుడివైపున ఒక నల్లరాతి ఫలకం ఉన్నది. దానిపై నాలుగు పాదాల చిన్న పద్యం చెక్కబడి ఉన్నది. భోజనానికి బారులు తీరి నిలిచిన యాత్రికులు తమ వంతు వచ్చేలోగా దానిని చదువుతూ ఉంటారు. ఆ పద్యం వ్రాసినది నేనే. అయితే మీరు ఇప్పుడు చూస్తున్నది రెండవ ఫలకం. మొదటిది మా ఇంటి అరుగు మీద గోడకు ఆనించి ఉన్నది. అది అక్కడికి చేరడానికి కారణం ఒకే ఒక మాత్ర. మాత్ర అంటే కనురెప్పపాటు కాలమని పెద్దలు చెబుతారు. రెప్పపాటు హెచ్చినందుకు ఒక రాయిని మార్చవలసినంత అగత్యం ఏమున్నదని కొందరు మిత్రులు నన్ను అడిగారు. వారికి చెప్పిన సమాధానమే ఈ నెల పాఠం. ముందుగా పద్యపు నడకను గురించి కొంత తెలుసుకుందాం. ఆ తరువాత ఫలకం కథ చెబుతాను.

వేదపురుషుని పాదాలు

వేదానికి శిక్ష, వ్యాకరణం, ఛందస్సు, నిరుక్తం, జ్యోతిషం, కల్పం అని ఆరు అంగాలు. వేదాన్ని ఒక పురుషునిగా భావించిన మన పూర్వులు వ్యాకరణాన్ని ముఖమన్నారు, జ్యోతిషాన్ని కన్నులన్నారు, ఛందస్సును పాదాలన్నారు. పాదాలు లేనివాడు ఉన్నచోటనే ఉండిపోతాడు. ఛందస్సు లేని వాక్కు కూడా ఒక నోటి నుండి మరొక నోటికి, ఒక తరం నుండి మరొక తరానికి చెదరకుండా నడవలేదు. వేలయేండ్లు వ్రాతతో పని లేకుండా వేదం నిలిచిందంటే, స్వరంతో పాటు అక్షరసంఖ్య కూడా దానికి కాపలా కాయడం వలననే.

ఈ శాస్త్రానికి సూత్రకారుడు పింగళాచార్యుడు. వైదిక ఛందస్సులలో ముఖ్యమైనవి ఏడు. గాయత్రికి 24 అక్షరాలు, ఉష్ణిక్కుకు 28, అనుష్టుప్పుకు 32, బృహతికి 36, పంక్తికి 40, త్రిష్టుప్పుకు 44, జగతికి 48. నాలుగేసి అక్షరాలు పెరుగుతూ పోవడం గమనించండి. సూర్యభగవానుని రథానికి కట్టిన ఏడు గుర్రాలు ఈ ఏడు ఛందస్సులేనని పురాణం చెబుతుంది. గాయత్రి ఎనిమిదేసి అక్షరాల మూడు పాదాలు గలది. అనుష్టుప్పు ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలు గలది.

శ్రీమద్రామాయణం, భగవద్గీత, విష్ణుసహస్రనామం చాలవరకు అనుష్టుప్పు నుండి పుట్టిన శ్లోకఛందంలోనే సాగుతాయి. ఆ శ్లోకంలో ప్రతి పాదాన సాధారణంగా ఐదవ అక్షరం తేలికగాను, ఆరవది బరువుగాను ఉంటుంది. రెండవ, నాలుగవ పాదాలలో ఏడవ అక్షరం తిరిగి తేలికవుతుంది. రోజూ సహస్రనామం పారాయణ చేసే తల్లులకు ఈ నియమం పేరు తెలియకపోవచ్చు. వారి నాలుకకు మాత్రం తెలుసు.

గురువు, లఘువు

తేలిక, బరువు అన్నాను గదా. శాస్త్రంలో వాటికే లఘువు, గురువు అని పేర్లు. లఘువు పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర. గురువుకు రెండు మాత్రలు. పద్యం మొత్తం ఈ రెండింటి కూర్పే.

గురువును గుర్తించడానికి నాలుగు గుర్తులు చాలు. దీర్ఘాక్షరం గురువు, ‘రామ’లో ‘రా’ వంటిది. సున్నతో గాని విసర్గతో గాని కూడిన అక్షరం గురువు. ‘రంగ’లో ‘రం’ వంటిది. పొల్లు హల్లుతో కూడిన అక్షరం గురువు. జంటాక్షరానికిగాని సంయుక్తాక్షరానికిగాని ముందున్న అక్షరం గురువు; ‘అన్న’లో ‘అ’, ‘శక్తి’లో ‘శ’ వంటివి. తక్కినవన్నీ లఘువులు.

ఇక్కడ కొత్తవారు తడబడే చోట్లు రెండున్నాయి. మొదటిది వట్రసుడి. ‘అమృత’ అన్న మాటలో ‘మృ’ సంయుక్తాక్షరంలా కనిపిస్తుంది గాని, అది మకారం మీద ‘ఋ’ అనే అచ్చు చేరిన అక్షరమే. కనుక దానికి ముందున్న ‘అ’ లఘువే, మూడూ లఘువులే. రెండవది అరసున్న. నిండుసున్న ముందు అక్షరాన్ని గురువు చేస్తుంది, అరసున్న చేయదు.

ఒక చిన్న అభ్యాసం చెబుతాను. గురువు వచ్చినప్పుడు అరచేతితోను, లఘువు వచ్చినప్పుడు చూపుడువేలితోను తొడ మీద తట్టండి. ‘రామ’ అంటే అరచేయి, వేలు. ‘హరీ’ అంటే వేలు, అరచేయి. ‘సీతా’ అంటే రెండు అరచేతులు. ‘శివ’ అంటే రెండు వేళ్లు. మా ఆదివారపు పద్యతరగతిలో పిల్లలకు నేను పలక, బలపం కంటె ముందు ఈ తాటింపు నేర్పుతాను. ఈ తాటింపే ఒకనాడు నా తప్పును పట్టి ఇచ్చింది.

భగవన్నామాలలో గణాలు

గురులఘువులు మూడేసి చేరితే ఒక గణం. రెండు రకాల అక్షరాలను మూడు చోట్ల పెడితే ఏర్పడేవి ఎనిమిదే విధాలు. అందుచేత గణాలు ఎనిమిది. వీటిని జ్ఞాపకం పెట్టుకోవడానికి బడిపిల్లలు ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రం వల్లిస్తారు. ఆ సూత్రంలో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకుంటే ఆ పేరుగల గణం వస్తుంది. ‘యమాతా’ యగణం, ‘మాతారా’ మగణం, ఆ విధంగా.

భక్తులకు అంతకంటె సులువైన మార్గం ఉన్నది. ఎనిమిది గణాలకూ ఎనిమిది దివ్యనామాలు చెబుతాను, జపంలా గుర్తుంచుకోండి.

యగణం – భవానీ (లఘువు, గురువు, గురువు)
మగణం – శ్రీరామా (మూడూ గురువులు)
తగణం – గోవింద (గురువు, గురువు, లఘువు)
రగణం – జానకీ (గురువు, లఘువు, గురువు)
జగణం – మురారి (లఘువు, గురువు, లఘువు)
భగణం – కేశవ (గురువు, లఘువు, లఘువు)
నగణం – వరద (మూడూ లఘువులు)
సగణం – గిరిజా (లఘువు, లఘువు, గురువు)

కొండ ఎక్కుతూ జనం ‘గోవిందా’ అని ఎలుగెత్తి పిలిచేటప్పుడు చివరి అక్షరం దీర్ఘమవుతుంది. అప్పుడు తగణం మగణంగా మారుతుంది. మూడు గురువులు వరుసగా వచ్చినందువల్లనే ఆ పిలుపు అంత దూరం వినబడుతుందేమోనని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఈ ఎనిమిది గణాలతో సంస్కృతం నుండి వచ్చిన వృత్తాలు నడుస్తాయి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు; గణాలు భ, ర, న, భ, భ, ర, వ. చంపకమాలలో 21 అక్షరాలు. గణాలు న, జ, భ, జ, జ, జ, ర. పేర్లు చూస్తే రెండింటికీ పొంతన లేదనిపిస్తుంది. కాని ఉత్పలమాల మొదటి గురువును తీసి, ఆ చోట రెండు లఘువులు పెట్టి చూడండి. అది చంపకమాల అవుతుంది. శార్దూలవిక్రీడితం మొదటి గురువును అలాగే రెండు లఘువులు చేస్తే మత్తేభవిక్రీడితం అవుతుంది. ఒక గురువు రెండు లఘువులకు సమానం. పద్యపు బరువు మారదు, అడుగు వేసే తీరు మారుతుంది. అందువల్లనే మన కవులు ఈ జంటలను ఒకే శతకంలో కలిపి వాడుకున్నారు. భద్రాచల రామదాసు దాశరథి శతకం ఉత్పల చంపకమాలలలో సాగింది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకం శార్దూల మత్తేభాలలో సాగింది.

తెలుగువారి సొంత నడక

వృత్తాలలో ప్రతి గురులఘువుకూ స్థానం నిర్ణయమై ఉంటుంది. తెలుగు భాషకు సహజమైన జాతి, ఉపజాతి పద్యాలలో కవికి కొంత వెసులుబాటు ఉంటుంది. వీటిలో సూర్యగణాలు, ఇంద్రగణాలు, చంద్రగణాలు వస్తాయి. సూర్యగణాలు రెండే: గురువు, లఘువు కలిసిన హగణం, మూడు లఘువుల నగణం. ‘రామ’ ఒకటి, ‘వరద’ ఒకటి. రెండూ మూడేసి మాత్రలే. ఇంద్రగణాలు ఆరు: భ, ర, త, నల, నగ, సల. ‘కేశవ’, ‘జానకీ’, ‘గోవింద’, ‘గిరిధర’, ‘గిరిధరా’, ‘రఘువీర’ అని వరుసగా అనుకోండి. ఇవి నాలుగు గాని ఐదు గాని మాత్రలు గలవి. చంద్రగణాలు 14; వాటి జోలికి ఈ పాఠంలో పోనవసరం లేదు.

ఈ దేశీయమైన నడక మనకు కావ్యాలకంటె ముందు రాళ్ల మీద కనిపిస్తుంది. నన్నయభట్టు రాజమహేంద్రవరంలో మహాభారతం ఆరంభించినది 11వ శతాబ్దంలో. అంతకు రెండు వందల యేండ్లకు పూర్వమే, క్రీ.శ. 848 నాటిదని చెప్పే పండరంగని అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉన్నది. బెజవాడలో కుమారస్వామి ఆలయాన్ని గురించి యుద్ధమల్లుడు వేయించిన శాసనం మధ్యాక్కరలో ఉన్నది. కరీంనగరం ప్రాంతంలోని కురిక్యాల దగ్గర గుట్టమీద, కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనంలో మూడు కందపద్యాలు ఉన్నాయి. రాతి మీద ఒక అక్షరం చెరిగిపోయినా, ఆ చోట పడవలసినది గురువో లఘువో, ఎన్ని మాత్రలో ఛందస్సు చెబుతుంది. చదివేవానికి అదే ఊతకోల. అనగా పద్యం తన గాయాన్ని తానే చూపించగలదు. వచనానికి ఆ శక్తి లేదు.

యతి, ప్రాస

సంస్కృతంలో యతి అంటే విరామం. పాదం నడుమ ఊపిరి తీసుకునే చోటు. తెలుగులో యతి అంటే అక్షరమైత్రి. పాదం మొదటి అక్షరానికి, పాదం మధ్యలో నియమించిన చోట ఉన్న అక్షరానికి చెలిమి కుదరాలి. హల్లుకు హల్లూ, అచ్చుకు అచ్చూ పొసగాలి. ‘అ’కు ‘ఆ’ మిత్రం. ‘ఉ’కు ‘ఊ’ మిత్రం. ప్రాస అంటే పాదాలన్నింటిలో రెండవ అక్షరపు హల్లు ఒకటే కావడం. వృత్తాలకు, కందానికి ప్రాస తప్పనిసరి. ఆటవెలది, తేటగీతి, సీసాలకు ప్రాస నియమం లేదు. పైగా వాటిలో యతి కుదరనిచోట ప్రాసయతి వేసుకోవచ్చు. అంటే మొదటి అక్షరానికి బదులు రెండవ అక్షరాన్ని కలపడం.

ఇవి కవికి సంకెళ్లని కొందరంటారు. నా అనుభవంలో ఇవి చదివేవానికి మెట్లకు కట్టిన పట్టుగొలుసులు. ఎనభై యేండ్ల వృద్ధురాలికి పద్యంలో తరువాతి మాట గుర్తుకు రాకపోతే, యతిస్థానంలోని అక్షరం నాలుక మీదికి ముందు వస్తుంది, దాని వెంట మాట వస్తుంది.

ఇక ఫలకం మీది పద్యం

కోనసీమలోని ఒక దాత తన తల్లి పేరిట మన అన్నదానశాలకు శాశ్వత నిధి ఏర్పాటు చేశారు. ఆమె పేరు గాని, తన పేరు గాని పెద్ద అక్షరాలతో వేయవద్దని, ఒక పద్యం మాత్రం వేయించమని కోరారు. నేను ఆటవెలది వ్రాసి ఇచ్చాను. ఆటవెలదిలో మొదటి, మూడవ పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండవ, నాలుగవ పాదాలకు ఐదేసి సూర్యగణాలు. నాలుగవ గణం మొదటి అక్షరం యతిస్థానం. పద్యం ఇది:

అన్న మిడిన తల్లి యాదిశక్తియె కాదె
యార్తిఁ దెలిసి పిలిచి యమృత మొసఁగు
గుడికి వచ్చు వారి కడుపు నింపిన చేయి
పూజ సేయు చేయి పుణ్యరాశి

భావం తేటగానే ఉన్నది. అన్నం పెట్టిన తల్లి ఆదిశక్తియే. అడగకముందే ఆకలి తెలిసి పిలిచి అమృతం పెడుతుంది. గుడికి వచ్చేవారి కడుపు నింపిన చేయి, పూజ చేసే చేయి ఒకటే, అది పుణ్యరాశి.

ఇప్పుడు తట్టి చూద్దాం. మొదటి పాదం: అన్న – మిడిన – తల్లి – యాదిశ – క్తియెకాదె. హగణం, నగణం, హగణం. ఇవి మూడు సూర్యగణాలు. తరువాత రగణం, సలగణం. ఇవి రెండు ఇంద్రగణాలు. ‘ఆదిశక్తి’ అన్న మాట నడుమ గణం విరిగింది చూశారా? గణాల లెక్క వేరు, మాటల విరుపు వేరు. లెక్క గణాలతో చూడాలి, చదవడం మాటలతో చదవాలి. యతి ‘అ’కు ‘యా’లోని ‘ఆ’తో కుదిరింది.

రెండవ పాదం: యార్తిఁ – దెలిసి – పిలిచి – యమృత – మొసఁగు. ఒక హగణం, నాలుగు నగణాలు. మూడవ పాదం: గుడికి – వచ్చు – వారి – కడుపునిం – పినచేయి. నగణం, రెండు హగణాలు, నగము, సలము. ఇక్కడ వేసినది ప్రాసయతి: ‘గుడి’కి ‘కడు’, రెండవ అక్షరం డకారం. నాలుగవ పాదం: పూజ – సేయు – చేయి – పుణ్య – రాశి. ఐదూ హగణాలే, యతి ‘పూ’కు ‘పు’తో. మాత్రలు లెక్కవేస్తే పాదాలకు వరుసగా 19, 15, 19, 15 వస్తాయి. నాలుగవ పాదం చదివి చూడండి. ఐదు అడుగులూ ఒకే తూకంగా పడి, ప్రదక్షిణ ముగించి నిలిచినట్లు ఆగుతుంది.

తప్పు దొరికిన విధం

పద్యాన్ని రాతి మీదికి ఎక్కించడానికి ముందు అక్షరాలు కూర్పించి నాకు నకలు పంపించారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒత్తులు సరిగా ఉన్నాయా, అరసున్నలు పడ్డాయా అని చూసి సంతకం చేసి పంపాను. పెదవి కదిపి చదవలేదు. చేత్తో తట్టి చూడలేదు. యాభై యేండ్లు పాఠం చెప్పినవానికి తన పద్యం తనకు రాదా అన్న ధీమా అది. మంచి ముహూర్తాన ఫలకం ఆవిష్కరణ జరిగింది. దాత కన్నీరు పెట్టుకున్నారు. నాకు శాలువా కప్పారు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం తరగతి ముగిసిన తరువాత పిల్లలను ఫలకం దగ్గరకు తీసుకువెళ్లి, తట్టుతూ చదవమన్నాను. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి, మా వంటశాలలో పనిచేసే ఆమె మనుమరాలు, మూడవ పాదం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది.

“సరిగా చూసి చదువమ్మా” అని కసిరాను.

“రాసినట్టే చదువుతున్నానండీ తాతగారూ. ఇక్కడ వేలు పడాల్సిన చోట అరచేయి పడుతోంది. నేనే తప్పు లెక్కపెడుతున్నానేమో” అన్నది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దగ్గరకు వెళ్లి చూశాను. రాతి మీద ఉన్నది ‘గుడికి వచ్చు వారి’ కాదు; ‘గుడికి వచ్చే వారి’. అక్షరాలు కూర్చినవారు నేటి వాడుక ప్రకారం మంచి మనసుతోనే దిద్ది ఉంటారు. అర్థానికి ఏ లోపమూ రాలేదు. కాని ‘వచ్చు’ గురువు, లఘువు, సూర్యగణం. ‘వచ్చే’ రెండు గురువులు; అది సూర్యగణం కాదు. మూడు మాత్రల చోట నాలుగు పడ్డాయి. 19 మాత్రల పాదం 20 అయింది. వేలాదిమంది చదివి వెళ్లిన రాతిలో, వ్రాసిన నేనే రోజూ చూసి నడిచిన రాతిలో, పన్నెండేండ్ల పిల్ల అరచేయి ఆ ఒక్క మాత్రను పట్టుకున్నది. తప్పు పిల్లది కాదు, తాతది అని అందరి ఎదుట చెప్పి ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరికీ తెలియదు గదా అని ఒక మనసు అన్నది. ‘వచ్చే’ అంటేనే ఇప్పటివారికి అర్థమవుతుంది, ఊరుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. రాతి మీద దిద్దితే మచ్చ పడుతుంది. కొత్త రాయి అంటే ఖర్చు. దాత ఏమనుకుంటారో అన్న జంకు అన్నింటికంటె ఎక్కువ. చివరకు తెల్లవారిన తరువాత ఆయనకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఖర్చు నేను భరిస్తానన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పిన మాటలు నేటికీ నా చెవిలో ఉన్నాయి.

“గురువుగారూ, మా అమ్మకు అక్షరం ముక్క రాదండి. కాని పొద్దున్నే మజ్జిగ చిలుకుతూ శతకపద్యాలు పాడుకునేది. నేను బడిలో నేర్చుకొచ్చిన పద్యం పక్కన కూర్చుని చదివేవాణ్ణి. ఎక్కడైనా తప్పితే కవ్వం ఆపేసేది. ‘ఎక్కడో కాలు మడతపడిందిరా, మళ్లీ చదువు’ అనేది. ఏ మాట తప్పో ఆవిడకు తెలిసేది కాదండి. తప్పు ఉందని మాత్రం తెలిసేది. అలాంటి మనిషి పేరున వేసిన రాతిలో కాలు మడతపడితే ఎలాగండీ? రాయి నేను తెప్పిస్తాను. చెక్కుడు కూలి మీరు ఇవ్వండి.”

అలాగే చేశాం. కొత్త ఫలకం నకలు వచ్చినప్పుడు నేను చదవలేదు. ఆ అమ్మాయి చేత తట్టించాను. ఆమె నాలుగు పాదాలూ ఆగకుండా చదివిన తరువాతనే సంతకం చేశాను. ఛందశ్శాస్త్రం నేను గురుకులంలో పుస్తకం పెట్టి చదివాను. ఆ తల్లి పుస్తకం లేకుండా, కవ్వం తాడుతో నేర్చుకున్నది. ఛందస్సు చెవి కోసం పుట్టినది. కంటితో మాత్రమే చూసినందుకు నేను పొరబడ్డాను.

పారాయణ చేసేవారికి

ఈ అనుభవం నుండి భక్తులకు కొన్ని మాటలు మనవి చేస్తాను.

మీకు వచ్చిన పద్యం ఏ నడకలో ఉన్నదో తెలుసుకోండి. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులు. సుమతీ శతకం కందాలు. ధర్మపురి శేషప్పకవి నరసింహ శతకం సీసాలు. సీసం కింద తేటగీతిగాని ఆటవెలదిగాని తప్పక ఉంటుంది గనుక, అది లేకుండా మధ్యలో ఆపకూడదు. నడక తెలిస్తే చదివే తీరు దానంతట అదే కుదురుతుంది.

హ్రస్వాన్ని హ్రస్వంగా, దీర్ఘాన్ని దీర్ఘంగా పలకండి. ‘దినము’ అంటే పగలు; ‘దీనము’ అంటే జాలిగొలిపేది. ‘కులము’ వంశం, ‘కూలము’ నదీతీరం. ఒక్క మాత్ర తేడాతో పగలు కాస్తా దైన్యం అవుతుంది. ఒత్తులను మింగవద్దు. ఒత్తు పోతే దానికి ముందున్న గురువు కూడా లఘువైపోతుంది. ఒక తప్పు పక్క అక్షరాన్ని కూడా పడవేస్తుంది.

రాగం తీసేవారు తీయవచ్చు. రంగస్థల పద్యాలు విని పెరిగిన తరం మాది; రాగం మీద నాకు విరోధం లేదు. కాని గురువు మీద నిలిచి రాగం తీయండి. లఘువును సాగదీసి గురువును చేయవద్దు. ఊపిరి చాలనప్పుడు మాట ముగిసిన చోట ఆగండి, మాట నడుమ విరవవద్దు.

సామూహిక పారాయణలో తొందర ఎక్కువవుతున్నది. వేగం తప్పు కాదు. గురులఘువుల నిష్పత్తి చెడకపోతే వేగంగా చదివినా దోషం లేదు. వేగంలో దీర్ఘాలన్నీ హ్రస్వాలైతే మాత్రం అది పారాయణ కాదు, పరుగు.

ఇక దాతలకు ఒక విన్నపం. తల్లిదండ్రుల పేరిట శిలాఫలకాలు, స్తోత్రపుస్తకాలు వేయించే పుణ్యాత్ములు మన ఆలయానికి ఎందరో ఉన్నారు. అచ్చుకు గాని ఉలికి గాని ఇచ్చే ముందు నకలును ఒకరు బిగ్గరగా చదవాలి, మరొకరు తట్టుతూ వినాలి. పద్యంలో పాతమాట కనిపిస్తే దానిని వాడుక మాటగా దిద్దనీయకండి. అది తప్పులా కనిపించినా తూకం కోసం అక్కడ ఉన్నదేమోనని తెలిసినవారిని అడగండి. కాగితం మీద ఒక నిమిషంలో పోయే తప్పు, రాతి మీద తరాలు నిలుస్తుంది.

ఈ నెల అభ్యాసం

మీరు నిత్యం పూజలో చదివే ఒక్క పద్యం తీసుకోండి. చదవడానికి ముందు కళ్లు మూసుకుని, గురువుకు అరచేయి, లఘువుకు వేలు చొప్పున తట్టి చూడండి. వరుసగా ఏడు రోజులు చేయండి. చేయి ఎక్కడైనా ఆగితే, మీరు నేర్చుకున్న పాఠంలో గాని, మీ పుస్తకంలో గాని అక్కడ ఏదో ఉన్నదని అర్థం. పక్కన చిన్నపిల్లలు ఉంటే వారిచేత కూడా తట్టించండి. వారి చెవులకు ఇంకా ధీమా పట్టదు.

పాత ఫలకాన్ని పారవేయడానికి మనసు రాలేదు. దైవకార్యానికి చెక్కిన అక్షరాలు గదా. తరగతికి కొత్తగా చేరిన పిల్లలను మా అరుగు మీద కూర్చోబెట్టి, ముందు ఆ ఫలకం చదివిస్తాను. తరువాత గుడికి తీసుకువెళ్లి కొత్త ఫలకం చదివిస్తాను. ఏది నడుస్తున్నదో, ఏది కుంటుతున్నదో నేను చెప్పను. వాళ్ల చేతులే చెబుతాయి.

ఈసారి అన్నప్రసాదానికి వచ్చినప్పుడు ఆ పద్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, పెదవి కదిపి చదవండి. ఎక్కడైనా మీ చేయి ఆగితే సంకోచించకుండా నాతో చెప్పండి.

శుభం భూయాత్.